నిలబడి బతికినోళ్ళు పరుగెత్తిన రోజు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు చెప్పారు. మిల్లుల్లో, సాంచాల మీద బతికిన మనవాళ్ళం ఆ మాటను కొంచెం ఎక్కువగానే పట్టుకున్నం. పాళీ అంతా నిలబడే పని. చాయ తాగుడు నిలబడే, నీళ్ళు తాగుడు నిలబడే. పరుగంటే మనకు తెలిసింది ఒక్కటే, భోంగా మోగినంక గేటు మూసేలోపల తీసే పరుగు. అది కూడా ఆలస్యమైతే పగారు కోస్తారన్న భయంతో.

అలాంటి మన షోలాపూర్ వాడకట్టు నుంచి ఈసారి భాద్రపదంలో ఐదుగురు సాతారా పోయి, గుట్ట మీదికి పరుగెత్తి వచ్చారు. ఐదుగురిలో నలుగురి మెడలో పతకం పడింది, ఒకరి మెడలో పడలేదు. ఆ పతకం పడని మనిషి వల్లనే మన వాడకట్టుకు ఎక్కువ మేలు జరిగిందని నాకనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి వరసలు పెట్టి రాస్తాను. నేను పరుగెత్తలేదు. వాళ్ళ సంచులకు, చెప్పులకు, ఫోన్లకు కాపలా ఉండడానికి వెంట పోయిన.

సాతారా పరుగు సంగతి

సాతారా మన షోలాపూర్ అంత పెద్ద ఊరు కాదు. చుట్టూ గుట్టలు, ఊరి నెత్తిన అజింక్యతారా కోట. కందీ పేఢాల ఊరంటే మన ఆడవాళ్ళకు తొందరగా గుర్తొస్తుంది. అక్కడ 2012లో హిల్ హాఫ్ మారథాన్ మొదలుపెట్టారు. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు నెలలో జరుగుతుంది. ఒకే గుట్ట మీద అంతమంది కలిసి పరుగెత్తారని 2015లో గిన్నిస్ పుస్తకంలో కూడా ఎక్కింది.

ఫుల్ మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. హాఫ్ అంటే అందులో సగం, 21 కిలోమీటర్ల మీద ఇంకొక 97 మీటర్లు. ఎంత దూరమో మనకు తెలిసేటట్టు చెప్పాలంటే, కోజాగిరి పున్నమికి మనోళ్ళు తుళజాపూర్ నడిచిపోతారు గదా. అది 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఫుల్ మారథాన్ దానికి రవ్వంత తక్కువ. అమ్మవారి పేరు మీద మనవాళ్ళు ఏటా నడిచే దూరమే అది. కాకపోతే మనకు ఎవరూ టైము చూడరు, పతకం వేయరు.

1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటి మారథాన్ గెలిచినాయన పేరు స్పిరిడాన్ లూయిస్. ఆయన రాజు కొడుకు కాడు, సిపాయీ కాడు. నీళ్ళు మోసి అమ్ముకునే మనిషి. ఈ సంగతి చెప్పినప్పుడు మా వాళ్ళకు కొంచెం ధైర్యం వచ్చింది. పరుగు ఉన్నోళ్ళ ఆట అనే అనుమానం పోయింది.

సాతారాలో దారి ఊళ్ళోనే మొదలై పోవై నాకా, సమర్థ మందిర్ దిక్కు పోయి, యవతేశ్వర్ ఘాటు ఎక్కుతుంది. అది కాస్ పఠార్ పోయే రోడ్డు. సెప్టెంబరులో ఆ పఠార్ అంతా పూలు పూస్తాయి. 2012లో పడమటి కనుమలతో పాటు యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వంలో చేర్చింది దాన్నే. అయితే పరుగు అక్కడిదాకా పోదు. కాస్ ఊరికి 25 కిలోమీటర్ల దూరం. సగం దారిలోనే వెనక్కు తిరిగి, ఎక్కిన ఘాటే దిగి రావాలి. ముందు సగం ఎక్కుడు, వెనక సగం దిగుడు అన్నట్టు.

పోయినోళ్ళు ఎవరు

ఒకరు నా తోటి స్పిన్నింగు ఖాతాలో చేసిన మనిషి. వరసకు బావ, వయసు 63. ఇంకొకరు టవళ్ళ కార్ఖానాలో అంచులు కుట్టే చెల్లె, ఇద్దరు పిల్లల తల్లి. మూడో ఆమె బీడీలు చుట్టే అక్క బిడ్డ, నర్సు కోర్సు చదువుతున్నది. నాలుగోవాడు కాలేజీ పోరడు. ఐదో మనిషి నాలుగు సాంచాలు నడిపే తమ్ముడు. వయసు 44. ఎక్కువ దినాలు రాత్రి పాళీయే.

ఈ పని మొదలుపెట్టింది నర్సు కోర్సు బిడ్డ. సంక్రాంతి పోయినంక ఆదివారాలు కంబర్ తలావ్ దగ్గర నడవడం మొదలుపెట్టింది. ఒక్కతే పోతే తల్లి ఒప్పుకోదని టవళ్ళ చెల్లెను తోడు తీసుకుపోయింది. తర్వాత ఒకరి వెంట ఒకరు చేరారు. మొదటి నెల అంతా నడకే. తర్వాత ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడుచుడు. మన షోలాపూర్‌లో ఎక్కి దిగడానికి గుట్ట ఎక్కడిది? నాలుగంతస్తుల బిల్డింగు ఒకటి చూసుకొని దాని మెట్లే ఎక్కారు, దిగారు. వాచ్‌మన్ మొదట్లో కసురుకున్నాడు, తర్వాత ఆయనే లెక్క పెట్టేవాడు.

పైసల సంగతి కూడా రాయాలి. పేరు రాయించుకునే ఫీజు, బూట్లు, రానుపోను బస్సు చార్జీలు మనలాంటోళ్ళకు చిన్న ఖర్చు కాదు. పేర్లు తీసుకోవడం కూడా నెలల ముందే అయిపోతుంది. చిట్టీ పాడుకొని కట్టినవాళ్ళున్నారు. టవళ్ళ చెల్లె అత్త, "ఆ పైసలు పెట్టి పిల్లలకు బట్టలు కొనరాదా" అన్నది. ఆ చెల్లె ఏమీ మాట్లాడలేదట. పొద్దున వంట చేసి, పిల్లలను లేపి, మళ్ళీ ఐదింటికి తలావ్ దగ్గర ఉండేది.

మాణ్ తాలూకా మీదుగా

బస్సు పండరిపుర్, మ్హస్వడ్ దాటి సాతారా పోతుంది. దారిలో మాణ్ తాలూకా వస్తుంది. వానలు సరిగా పడని ప్రాంతం. లలితా బాబర్ పుట్టిన మోహీ అనే ఊరు ఈ తాలూకాలోనిదే. రైతు కుటుంబం పిల్ల. ముంబై మారథాన్‌లో మన దేశం ఆడవాళ్ళలో వరుసగా గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో ఫైనల్‌కు చేరి పదో స్థానంలో నిలిచింది. 1984లో పి.టి. ఉష తర్వాత ట్రాక్ మీద ఒక్కరుగా పరుగెత్తే పోటీలో ఒలింపిక్ ఫైనల్‌కు చేరిన మన దేశపు ఆడమనిషి ఈమెనే. 1952లో హెల్సింకీలో కుస్తీలో కాంస్యం తెచ్చిన ఖాశాబా జాధవ్ కూడా సాతారా జిల్లావాడే, కరాడ్ దగ్గర గోళేశ్వర్ ఆయన ఊరు.

బస్సు కిటికీలో నుంచి ఆ ఎండిన చేలు చూసి నర్సు కోర్సు బిడ్డ అన్నది, "మామా, ఈ రోడ్ల మీదనే ఆమె ఉరికి ఉంటది గదా." అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ళంతా కొంచెంసేపు మాట్లాడలేదు.

ఎక్కుడు

తెల్లవారకముందే మైదానంలో జనం నిండారు. ఎవరి రొమ్ము మీద వాళ్ళ నంబరు కాగితం. దానికే చిన్న చిప్పు ఉంటుంది, గీత దాటినప్పటి నుంచి మళ్ళీ గీత దాటేదాకా ఎవరి టైము వాళ్ళకు లెక్క పడుతుంది. కాబట్టి ముందు నిలబడాలని తోసుకునే పని లేదు. ఈ సంగతి మా కాలేజీ పోరనికి ఎంత చెప్పినా ఎక్కలేదు.

"మొదటి మూడు కిలోమీటర్లు ఎగిరిన తాతా. అందరిని దాటుకుంట పోతుంటే మస్తనిపించింది. ఘాటు మొదలుకాంగనే ఊపిరి అందలే. పక్కకు కూసున్న." ఇది పోరని మాట.

పోరడు కూర్చున్న చోటికి మా బావ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. "ఏం తమ్మీ, పోగు తెగిందా?" అన్నాడట. "తెగితే ముడేసుకోవాలె, సాంచ బంద్ పెడ్తరా?" అని భుజం తట్టి, ఇద్దరూ కలిసి నడిచారు. ఆ ఘాటు బావ ఒక్క అడుగు కూడా పరుగెత్తకుండా ఎక్కాడు.

దానికి కారణముంది. ముప్పై ఏండ్లు దూది దుమ్ములో పనిచేసిన మనిషి. స్పిన్నింగు, బ్లో రూము, కార్డింగు ఖాతాల్లో చేసినవాళ్ళకు ఇది తెలిసిందే. సెలవు అయిపోయి మళ్ళీ పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగపట్టినట్టుంటుంది, తర్వాత రోజుల్లో కొంచెం సర్దుకుంటుంది. డాక్టర్లు దీన్ని బిసినోసిస్ అంటారు. ఏండ్ల తరబడి అట్లనే పనిచేస్తే ఊపిరితిత్తుల పట్టు శాశ్వతంగా తగ్గుతుంది. బావ పేరు రాయించుకోకముందే ఆస్పత్రికి పోయి, గొట్టంలో ఊదే పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరు, "నడువు, మాట్లాడుకుంటూ నడవగలిగినంత వేగంతోనే నడువు" అన్నాడు. బావ అదే పట్టుకున్నాడు. ఘాటు అంతా పోరనితో మాట్లాడుతూనే ఎక్కాడు. మాట ఆగితే అడుగు తగ్గించాడు.

ఇక ఊరి జనం. పట్నాల్లో మారథాన్ అంటే రోడ్డు మూసేశారని హారన్లు కొట్టేవాళ్ళుంటారు. ఇక్కడ ఇంటి ముందర ముగ్గులేసి నిలబడ్డారు. ఢోల్, తాషా వాయించారు. బడిపిల్లలు లేజిం ఆడారు. ముసలమ్మలు మెట్ల మీద కూర్చొని "చలా, చలా, థాంబూ నకా" అని అరుస్తున్నారు. ముందు పోయేవాళ్ళకంటే వెనకపడ్డ వాళ్ళకే చప్పట్లు గట్టిగా పడ్డాయి.

టవళ్ళ చెల్లె చెప్పింది, "బుద్ధెరిగిన సంది నన్ను చూసి ఎవ్వరు చప్పట్లు కొట్టలే అన్నా. చిన్న చిన్న పోరగాండ్లు చేతులు చాపి నిలబడ్డరు. అందరి చేతులు తాకుకుంట పోయిన. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చెమట అనుకుంటరులే అని తుడుచుకోలే."

పైన మబ్బు రోడ్డు మీదికే దిగింది. సన్న తుంపర. షోలాపూర్ ఎండలో పెరిగిన వాళ్ళకు ఆ చల్లదనమే సగం బలమిచ్చిందట.

తమ్ముని కథ

సాంచాల తమ్ముడు మంచి ఊపు మీద ఉన్నాడు. మా ఐదుగురిలో గట్టి మనిషి అతనే అనుకున్నం. ఘాటు సగం ఎక్కేసరికి చల్లని చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. రోడ్డు రెండుగా కనబడింది. అయినా ఆగలేదు. వెనక వస్తున్న నర్సు కోర్సు బిడ్డకు అతని నడక తేడాగా కనబడింది. తాగినోని లెక్క అటు ఇటు పోతున్నాడు. పోయి పట్టుకున్నది.

"మామా, పొద్దున ఏమన్నా తిన్నవా?"

"లేదు బిడ్డా. భయానికి మింగుడు పడలే."

"ఏమన్నా గోళీలేసుకున్నవా?"

కొంచెంసేపు చెప్పలేదు. తర్వాత, "షుగరు గోళీ" అన్నాడు.

ఆ బిడ్డ తన జేబులోని గ్లూకోజు పొడి నోట్లో పోసింది. బిస్కెట్లు తినిపించింది. వాలంటీర్లను పిలిచింది. వాళ్ళు వేలికి సూది పొడిచి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉన్నది. అతని నంబరు కాగితం వెనక్కు తిప్పి చూశారు. అక్కడ పేరు, ఇంటివాళ్ళ ఫోను నంబరు, ఏమన్నా జబ్బులుంటే అవి రాయడానికి గడులుంటాయి. అన్నీ ఖాళీ. ఆంబులెన్సు వచ్చేదాకా బిడ్డ అక్కడే కూర్చుంది. అతన్ని ఎక్కించినంక మళ్ళీ లేచి పరుగెత్తింది. గడువు అయిపోవడానికి కొద్దిసేపు ముందు గీత దాటింది. ఎంత టైము పట్టిందని ఆమెను నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

తమ్ముడు మూడేండ్ల సంది షుగరు దాచిపెట్టుకున్నాడు. మన గల్లీ మెడికల్‌లో కొంటే తెలిసిపోతుందని దూరం పోయి గోళీలు తెచ్చుకునేవాడు. ఎందుకు దాచినవని అడిగితే చెప్పిన మాట ఇది: "సేఠ్‌కు తెలిస్తే నాలుగు సాంచాలల్ల రెండు తీస్తడు అన్నా. జబ్బు మనిషి, రాత్రి పాళీల పడిపోతే ఎవలు జిమ్మెదారంటడు. రెండు సాంచాల మీద ఇల్లు గడుస్తదా?" నంబరు కాగితం వెనక రాయనిది కూడా అందుకే. రాస్తే పరుగెత్తనియ్యరని ఒక భయం, ఎవరన్నా చదువుతారని ఇంకొక భయం.

ఇంటికి వచ్చినంక అతని భార్య ఒక్కటే మాట అన్నది. "మూడేండ్ల సంది నీ చాయల చక్కెర నేనే కలిపి ఇస్తున్న. ఒక్కసారన్న చెప్పకపోతివి." అందరి ముందరే అన్నది. అతను తలకాయ ఎత్తలేదు.

దిగుడు

మిగిలిన నలుగురికి దిగుడు ఉన్నది. అందరూ దిగుడు సులభం అనుకుంటారు, కాదు. ఎక్కేటప్పుడు ఊపిరికి పని, దిగేటప్పుడు మోకాళ్ళకు, తొడలకు పని. ఒంటి బరువంతా ప్రతి అడుగులో ముందుకు పడుతుంటే తొడ కండరం సాగుతూ దాన్ని ఆపాలి. అందుకే మరునాడు మెట్లు దిగలేకపోతారు. నలుగురిలో ముగ్గురు బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకొని వెనక్కు తిరిగి దిగారు. చూసిన కండక్టరు నవ్వాడు. బావ ఒక్కడే మామూలుగా దిగాడు. ఘాటు దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేశాడట. "గోనె సంచి మోసుకొని దాదరా దిగుతం గదా, అట్లనే దిగిన" అన్నాడు.

తిరిగి వచ్చినంక

వచ్చిన మొదటి వారం చాయ హోటలు దగ్గర తమ్ముణ్ణి చూసి నవ్వినవాళ్ళున్నారు. "ఆంబులెన్సుల పరుగెత్తి వచ్చిండు" అన్నారు. ఆ ఆదివారం గల్లీ మీటింగులో నలుగురికీ దండలు వేశారు. తమ్ముణ్ణి ఎవరూ పిలవలేదు. అతనే లేచి నిలబడ్డాడు. "నాకు షుగరున్నది. మూడేండ్ల సంది దాచిన. మొన్న గుట్ట మీద పోవలసిన పాణం ఈ బిడ్డ నిలబెట్టింది. మీలో కూడా నా లెక్క దాచెటోళ్ళుంటరు. దాచకుండ్రి" అని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. మరునాడు హోటలు దగ్గర నవ్వినవాళ్ళలోనే ఒకాయన నర్సు కోర్సు బిడ్డ ఇంటికి పోయి, తన కాలు పుండు ఎన్నాళ్ళ సంది మానడం లేదో చూపించాడు. తర్వాత ఇంకా కొందరు పోయారు. ఇద్దరు ఆడవాళ్ళు కూడా.

సాంచాల సంగతి అడుగుతారు. సేఠ్‌కు తెలిసింది. ఒక నెల రెండు సాంచాలే ఇచ్చాడు. తర్వాత తోటి కార్మికులు పోయి మాట్లాడితే రాత్రి పాళీ నుంచి పగటి పాళీకి మార్చి మూడు ఇచ్చాడు. ఒక సాంచ తక్కువే. ఆ లోటు నిజమే, దాచి రాయడం లేదు. జబ్బు బయటపెడితే పగారు తగ్గే చోట జనం జబ్బు దాచుకుంటారు. ఇది ఒక్క మనిషి తప్పు కాదు. గల్లీ పెద్దలు, యూనియన్ వాళ్ళు కూర్చొని మాట్లాడవలసిన సంగతి.

కాళ్ళు కదపాలనుకునే వాళ్ళకు

ఈ ఐదుగురు నేర్చుకున్నవి, డాక్టరు చెప్పినవి కలిపి రాస్తున్నాను. 30 ఏండ్లు దాటిన ఎవరికైనా సర్కారు ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. ముందు అది చేయించుకోండి. దూది దుమ్ములో చేసినవాళ్ళు ఊపిరి పరీక్ష అడగండి. షుగరుకు గోళీలు, ఇన్సులిను వాడేవాళ్ళు ఏమీ తినకుండా దూరం పోవద్దు. ఎంత తినాలో, గోళీ ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడిగి పోవాలి. జేబులో చక్కెరో, బెల్లమో, గ్లూకోజో ఉండాలి. చల్లని చెమటలు, వణుకు, కండ్లు మసకలు వస్తే అక్కడే ఆగి తీపి నోట్లో వేసుకోవాలి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి గుంజుడు ఉంటే ఇంకొక అడుగు కూడా వేయవద్దు. దాహమని వట్టి నీళ్ళే కడవల కొద్దీ తాగవద్దు, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఓ.ఆర్.ఎస్. పొడి కలుపుకోవాలి. కొత్త బూట్లతో దూరం పోవద్దు, బొబ్బలెక్కుతాయి. మొదటి నెల నడకే చాలు.

ఇప్పుడు తమ్ముడు, అతని భార్య ఇద్దరూ పొద్దున్నే కంబర్ తలావ్ చుట్టూ నడుస్తున్నారు. వచ్చే ఏడాది సాతారాకు పేరిస్తవా అని అడిగితే, "డాక్టరు ఊ అంటేనే" అని ఆమె చెప్పింది, అతను కాదు.

కోజాగిరి పున్నమి దగ్గర పడింది. మన ఇండ్ల నుంచి తుళజాపూర్ నడిచిపోయేవాళ్ళు ఈసారి ఒక పని చేయండి. ఒక కాగితం ముక్క మీద పేరు, ఇంటి ఫోను నంబరు, ఉన్న జబ్బు, వాడే గోళీలు రాసి జేబులో పెట్టుకోండి. రాయడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలతో రాయించుకోండి. ఆ రాత్రి రోడ్డు మీద మీరు పడిపోతే మీ పక్కన నడిచే మనిషి మీకు తెలియని మనిషే కావచ్చు. ఆ కాగితం చదివితే మీకేం చేయాలో ఆయనకు తెలుస్తుంది.